ఎదురు సాలు

సాలు చివరికి చేరగానే పుల్లమ్మ నడుము నిలబెట్టి వెనక్కి తిరిగి చూస్తుంది. పాతికమంది కోస్తున్న మిరప చేలో ఎవరో ఒకరు వెనకబడే ఉంటారు. బాలింత కావచ్చు, ముసలిది కావచ్చు, జ్వరం వచ్చి లేచిన మనిషి కావచ్చు. పుల్లమ్మ ఒడిలోని కాయలు గంపలో పోసి, ఆ మనిషి సాలులోకి ఇవతలి కొస నుంచి దిగి, ఎదురు కోసుకుంటూ పోతుంది. ఇద్దరూ చేను మధ్యలో ఎక్కడో కలుస్తారు. అక్కడ ఆ సాలు అయిపోతుంది.

ఈ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేసినందుకు మెచ్చుకున్నవాళ్ళూ లేరు. తుమ్మలదిబ్బలో ఆడవాళ్ళు మెచ్చుకోవడానికి ఆగరు. తర్వాతి సాలు పడతారు.

ప్రత్తిపాడు దాటాక బస్సు దిగి, డొంక పట్టుకుని చాలాసేపు నడిస్తే తుమ్మలదిబ్బ వస్తుంది. చుట్టూ నల్లరేగడి. ఎటు చూసినా పత్తి, మిరప. ఇళ్ళు పట్టుమని ముప్పై లేవు. వాన పడితే డొంకలో బండి చక్రం తిరగదు, బయటి కూలీలు రారు. అందుకని ఊళ్ళో మిరప కోతకు బదులు పద్ధతి ఉండేది. ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి ముఠాలోకి రావాలి. ముఠా వంతులవారీగా ఒక్కొక్కరి చేను కోస్తుంది. ఎవరి చెయ్యి ముఠాలో ఉంటే వాళ్ళ చేలోకి ముఠా అంతా వెళ్తుంది. చెయ్యి లేనివాళ్ళ చేలోకి ఎవరూ వెళ్ళరు. ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో వాళ్ళకైనా ఊళ్ళో వాళ్ళకైనా అదే లెక్క. ఊరివాళ్ళు తమకు బదులు పాలేరు పెళ్ళాన్ని పంపించి సరిపెట్టుకునేవాళ్ళు.

ఊళ్ళో రైతు రాఘవులు ఎనభై ఒకటిలో ముఠా నుంచి తప్పుకున్నాడు. వంతు కోసం ఆగలేక ప్రత్తిపాడు నుంచి లారీలో కూలీలను తెచ్చుకున్నాడు. మీ వంతులు వచ్చేలోపు నా కాయ చెట్టు మీదే తాలవుతుందని అందరి ముందూ అన్నాడు. ఆడవాళ్ళు ఆ మాట మర్చిపోలేదు. ఆయన చేను పక్క నుంచి నడిచేటప్పుడు అటు చూసేవాళ్ళు కాదు.

ఎనభై మూడులో, శివరాత్రి దాటాక, వాయుగుండం అని రేడియోలో చెప్పారు. ప్రతి ఊళ్ళోనూ పండు కాయ చెట్ల మీద ఉంది. ప్రతి రైతూ కూలీల కోసం తిరుగుతున్నాడు. రాఘవులు లారీ రాలేదు. అంతకుముందు పత్తిని పురుగు తినేసింది. ఈ రెండెకరాల మిరప కూడా పోతే పొలం అమ్మి చిలకలూరిపేటలో బావమరిది దగ్గరికి వెళ్ళిపోతామని ఆయన భార్య వెంకటేశ్వరమ్మ చెప్పుకుని బాధపడింది. అప్పటికే ఊళ్ళో మూడిళ్ళకు తాళాలు పడ్డాయి. ఒక ఇంటి చూరు కింద కుక్కలు పడుకుంటున్నాయి.

ఆ సాయంత్రం రాఘవులు పల్లెలోకి వచ్చాడు. పుల్లమ్మ గుమ్మం ముందు కూర్చుని మంట పుడుతున్న చేతులు మజ్జిగతో కడుక్కుంటోంది. ఆయన దారి మీదే నిలబడి, మనుషులు కావాలన్నాడు. ఎంత కూలి అడిగినా ఇస్తానన్నాడు.

"కూలికి ఎవరూ రారండి," అంది పుల్లమ్మ. "మీకు తెలియంది కాదు."

"మరేం చెయ్యమంటావు?"

"రేపు మా చేను వంతు. పొద్దున్నే వచ్చి ఒక సాలు పట్టండి."

పాలేరు పెళ్ళాన్ని పంపుతానన్నాడు రాఘవులు. మీ చెయ్యే కావాలని పుల్లమ్మ అంది. ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తెల్లవారాక తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. చేను గట్టు మీద చెప్పులు విడిచి, అన్నిటికంటే చివరి సాలులోకి దిగాడు. కోత ఆగింది. ముసలి ఎలీసమ్మే ముందు నోరు తెరిచింది.

"ఏందయ్యా, లారీ దారి తప్పి మా పుల్లి చేలోకి వచ్చిందా?"

ఆడవాళ్ళు నవ్వారు. రాఘవులు వంగి కోస్తూనే ఉన్నాడు.

"తొడిమ ఊడకుండా కొయ్యాలయ్యోవ్. కర్రతో దులిపేది కాదు."

"మా అమ్మ వెనక సాలు పట్టినోణ్ణే లేవమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా. "నీ సాలు చూసుకో. ఎర్రకాయ వదిలేసి పోతున్నావు."

ఎలీసమ్మ వెనక్కి చూసుకుంది. నిజంగానే వదిలేసింది. ఈసారి నవ్వు ఆమె మీదికి మళ్ళింది. ఆ తర్వాత ఎవరూ ఆయన జోలికి పోలేదు.

చెయ్యి తిరిగినవాడే అయినా ఏళ్ళ తరబడి వంగని నడుము. ఎండెక్కేసరికి బాగా వెనకబడ్డాడు. పుల్లమ్మ తన సాలు ముగించి తిరిగి చూసింది. గంపలో కాయలు పోసి ఆయన సాలులోకి ఎదురు దిగింది. ఇద్దరూ మధ్యలో కలిశారు. రాఘవులు తువ్వాలులో మూటగట్టిన కాయలు తనే మోసుకెళ్ళి ఆమె గంపలో పోశాడు.

పొద్దు వాలేసరికి పుల్లమ్మ చేను సగమే అయింది. అది ఆమెకు కౌలు చేను. కౌలు ఆ కాయలోనే ఉంది, ఏడాది తిండి కూడా ఆ కాయలోనే. తూర్పున సముద్రం వైపు మబ్బు గోడలా లేచింది. రేపు కూడా వంతు ఆమెదే. పుల్లమ్మ గంపలన్నీ కల్లంలో పాక కిందికి చేర్పించి, రేపు రాఘవులుగారి చేలోకి పోదామంది.

ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన ముఠాలోకి వచ్చి ఒక్క రోజు, వంతు చివరన రావాలి, అది పద్ధతి అన్నారు. నా వంతే ఆయనకిస్తున్నాను, మీ వంతులు కాదు అని పుల్లమ్మ అంది.

"నీ సగం చేను ఏం గావాలే?" అంది ఎలీసమ్మ. "ఆ మబ్బు చూశావా?"

"చూశా."

"చూసేనా ఈ మాటంట?"

"నాది తడిస్తే నేను ఊళ్ళోనే ఉంటా అత్తా. ఏదో ఒకటి చేసుకుంటా. ఆయనది తడిస్తే ఆ తలుపూ మూస్తారు. ఇట్టా ఒక్కో తలుపూ మూస్తా పోతే రేపు నీ చేను ఎవరు కోస్తారు?"

ఎలీసమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆకు సంచీ తీసి ఒక వక్కపలుకు ఆమె చేతిలో పెట్టింది.

ఇంట్లో పుల్లమ్మ భర్త దానయ్య అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు. పెళ్ళాన్ని ఎన్నడూ గట్టిగా ఒక మాట అనని మనిషి.

"మనకంటూ సగం చేను మిగిలితే అదీ దానం చేశావా?"

"పెందలాడే లేవాలి. తిను," అంది పుల్లమ్మ.

మర్నాడు మగవాళ్ళు కూడా దిగారు. దానయ్య అందరికంటే ముందు వెళ్ళాడు. రెండెకరాల్లో గట్టు వార నాలుగు సాళ్ళు తప్ప మిగతా అంతా కోశారు. ఆఖరి గంపలు రాఘవులు కొట్టంలోకి చేరుతుండగా వాన మొదలైంది. వెంకటేశ్వరమ్మ అందరినీ వసారాలోకి రమ్మని పిలిచింది. పల్లె ఆడవాళ్ళు ఆ ఇంటి వసారా ఎక్కడం అదే మొదలు. కొట్టంలో ఎర్రగా పోగుపడ్డ కాయ పక్కన రాఘవులు తడి తలతో నిలబడి ఉన్నాడు.  పైన కప్పిన పట్టా ఎక్కడ కారుతుందో పుల్లమ్మ చూపించింది. ఆయన వెళ్ళి గంప జరిపాడు.

తెల్లవారికి వాన తెరిపిచ్చింది. పుల్లమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, పార తీసుకుని తన చేలోకి వెళ్ళింది. కోయని సగంలో నీళ్ళు నిలిచాయి. పల్లం వైపు గట్టుకు గండి కొట్టింది. నీళ్ళు కదిలాయి. పార అక్కడే గుచ్చి, బురదలో కాళ్ళు పీక్కుంటూ మొదటి సాలులోకి దిగింది. ఒక చెట్టు మొదలు పట్టుకుని, కాయ రాలకుండా మెల్లగా ఊపి నీళ్ళు దులిపింది. తర్వాత దాని పక్క చెట్టు పట్టుకుంది.