ఎఫ్ వన్ మీద బొట్టు

మొన్న చిలకలూరిపేట రోడ్డు మీద మా బస్సు ఆగినప్పుడు, పక్కనే ఉన్న కోల్డ్ స్టోరేజి తలుపు తీశారు. ఆ ఎండలో లోపలి చల్లగాలి వచ్చి కిటికీ మీదున్న నా చేతిని తాకింది. గోతాల వాసన, వెంటనే మిరపకాయల ఘాటు. వరసగా తుమ్ములు. పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నన్ను చూసి నవ్వింది. బస్సు కదిలాక కూడా ఆ చల్లదనం మోచేతి దగ్గరే ఆగిపోయినట్టు అనిపించింది. కళ్ళు మూసుకుంటే పక్కన కూర్చున్నది శారద గారే అనిపించింది.

శారద గారు నాకు పని నేర్పిన మనిషి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె కింద చేరాను. కోల్డ్ స్టోరేజీల్లో ఏ రైతు బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చూపించే ప్రోగ్రాం మాది. వాడేవాళ్ళకు ఎక్కడైనా తోచకపోతే కీబోర్డు మీద ఎఫ్ వన్ నొక్కుతారు. అప్పుడు తెర మీదకు వచ్చే సహాయం పేజీలను తెలుగులో రాయడం ఆమె పని. రాసిన ప్రతి పేజీనీ నా చేత చదివించుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. "ఆగమ్మా. అక్కడ నాకు దారి తప్పింది," అనేవారు. మధ్యాహ్నాలు ఫ్యాను కింద నిద్రపోయారేమోనని గొంతు తగ్గిస్తే, "వింటూనే ఉన్నా," అనేవారు కళ్ళు తెరవకుండానే.

అప్పటిదాకా మా పేజీలు పాత రకం ఫైల్లో ఉండేవి. చిన్న కిటికీ, అందులో ఆకుపచ్చ గీత ఉన్న మాట మీద నొక్కితే ఇంకో పేజీ, అంతే. తరువాత కొత్త రకం వచ్చింది. ఎడమ పక్కన విషయాల వరస, ఒక్కో విషయానికీ బుల్లి పుస్తకం బొమ్మ. నొక్కితే పుస్తకం విచ్చుకునేది. శారద గారు దాని మీద మనసు పారేసుకున్నారు. ఏడాది పాటు ఇద్దరం కూర్చుని పేజీలన్నీ అందులోకి తిరగరాశాం. పుస్తకం విచ్చుకున్నప్పుడల్లా, "ఏదీ, ఇంకోసారి నొక్కు," అనేవారు చిన్నపిల్లలా. కొత్త సీజనుకు అంతా కొత్తగా కనబడాలని మా యజమానికీ తొందరగానే ఉంది.

అన్ని చోట్లకీ పంపేముందు వినుకొండలో ఒక కోల్డ్ స్టోరేజిలో పెట్టి చూద్దామన్నారామె. దారి పొడుగునా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. పొద్దుటి మంచులో చేను ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ కోల్డ్ స్టోరేజి గుమాస్తా వెంకట్రామయ్య గారికి యాభై దాటాయి, కంప్యూటరంటే బెదురు. బస్తాలు దిగే సీజన్‌కల్లా అది చేతికి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని వాళ్ళ యజమాని తేల్చి చెప్పేశాడట. ఆయన కీబోర్డులో ఒక్క మీట మీద మాత్రం పసుపు, కుంకుమ ఉన్నాయి. చూస్తే ఎఫ్ వన్.

"దసరాకి తక్కెడకీ, తాళాలకీ పెట్టానమ్మా. దీంట్లో దేనికి పెట్టాలో తెలవక, నన్ను గట్టెక్కించేది ఇదేగదా అని దీనికే పెట్టా," అన్నాడాయన.

శారద గారు ఆ బొట్టు వంక చూస్తూ ఉండిపోయారు. తరువాత కొత్త ఫైలు ఎక్కించి, నొక్కమన్నారు. తెర మీద తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది. కొత్త రకానికి కావలసినదేదో ఆ పాత కంప్యూటర్లో లేదు, పెడదామన్నా పట్టదు. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేనేదో చెడగొట్టినట్టున్నానమ్మా. మా షావుకారికి చెప్పబాకండి."

"మీరేం చెడగొట్టలేదండీ. మేమే ఖాళీ కాయితం పట్టుకొచ్చాం," అన్నారామె. పాతదే మళ్ళీ ఎక్కించి, ఆయన నొక్కి చదువుకునేదాకా కదల్లేదు.

తిరుగు బస్సులో, "పాతదే పంపిద్దాం," అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏడాది కష్టం మేడమ్. ఒక్క మనిషి కోసమా?"

"మిగతావాళ్ళు ఏదన్నా అడ్డం తగలగానే మనకి ఫోన్ చేస్తారమ్మా. చదివేది ఆయనొక్కడే."

"పోనీ రెండూ పంపిద్దాం."

"రెంటినీ ఎప్పటికప్పుడు దిద్దడానికి ఉన్నది మనిద్దరమే. ఏదో ఒకటి వెనకబడుద్ది. వెనకబడేది ఆయనదే అవుద్ది."

నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. కాసేపటికి చూస్తే ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుస్తున్నారు. ఎంతసేపటికీ ఆ తుడవడం అవలేదు. ఆమెకు నాకంటే ఎక్కువ బాధగా ఉందని అప్పుడు తెలిసి, నా కోపానికి నాకే సిగ్గేసింది. ఆఫీసులో యజమాని చెడామడా తిట్టినా ఆమె మాట మార్చుకోలేదు. కొత్తదాని కోసం రాసిన మంచి వాక్యాలన్నీ తీసుకెళ్ళి ఆ పాత చిన్న కిటికీలోనే సర్దాం. సీజన్ వచ్చింది, బస్తాలు దిగాయి. వెంకట్రామయ్య గారి కుర్చీలోకి ఇంకో మనిషి రాలేదు.

కొన్నేళ్ళకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో పాత రకం ఫైళ్ళు తెరుచుకోవు. శారద గారు అప్పటికి పని మానేసి ఒంగోలులో ఉంటున్నారు. నేను వినుకొండ వెళ్ళి వెంకట్రామయ్య గారి కొత్త యంత్రం మీద ఎఫ్ వన్ నొక్కితే, ఈ ఫైలు తెరవడం కుదరదని వచ్చింది. ఆమె రాసిన పేజీలన్నీ ఆ ఒక్క వాక్యం వెనక ఉండిపోయాయి. "ఆ పాత పేజీలు ఇక రావండీ," అన్నాను.

"అవునా? దాన్ని నొక్కి ఎన్నేళ్ళయిందో. అవసరం పడలేదమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండానే, గబగబా బస్తాల లాట్ నంబర్లు కొట్టుకుంటూ.

ఆ మాట శారద గారికి ఫోన్లో ఎలా చెప్పాలో తెలియక, ముందు ఆరోగ్యం గురించీ, వానల గురించీ మాట్లాడి చివరికి చెప్పాను. అటువైపు నుంచి నవ్వు వినిపించింది, తెరలు తెరలుగా, ఆపుకోలేని నవ్వు.

"మరి రాసింది అందుకేగదే పిచ్చిపిల్లా," అన్నారు.

ఇప్పుడామె లేరు. నేనింకా ఆ పనే చేస్తున్నాను, ఫోన్లలో చూసుకునే పేజీలు రాస్తున్నాను. రాసినదాన్ని పంపేముందు, చదివేవాళ్ళ ఊరు వెళ్ళి పక్కన కూర్చుంటాను. మళ్ళీ ఎప్పుడో ఆ దారిన వెళ్తే, మీరు రాసింది ఇప్పుడు చూడటం లేదండీ అంటారు. ఇన్నేళ్ళయినా ఆ మాటకు ముందు మనసు చివుక్కుమంటుంది. ఆమె నవ్వు వినిపించేది ఆ తరువాతే.