ఉప్పుమడి కీర్తన

నిన్న మా ఊరి గట్టున కంపెనీ షెడ్డు ప్రారంభమని మైకు పెట్టారు, అందులో ఒక పిల్ల పాడుతున్న ముఖారి రాగం కీర్తన చెవిన పడగానే నెత్తిమీది చేపల బుట్ట అక్కడే దించేశాను. అది మా ఆయన కట్టిన పాట. నాకు వేలిముద్ర తప్ప రాదు, చెబుతుంటే కోడలు తన బడి తెలుగులో రాస్తోంది, నా ఈడువాళ్లు సర్దుకుని చదువుకోండి.

ఆ షెడ్డు నిలబడ్డచోట మా రోజుల్లో ఉప్పుమళ్లు ఉండేవి. మా ఆయన నెల్లూరులో గురువు ఇంట ఏళ్లకేళ్లు సంగీతం నేర్చి, కచేరీలు వదిలేసి మా మళ్ల దగ్గరికి వచ్చి, ఉప్పునీళ్లలో కాళ్లు పుండ్లు పడిన కూలీల మీద కీర్తనలు కట్టాడు. కచేరీ సభలవాళ్లు రాగానికి ఈ ఉప్పు కంపేమిటని మొహం తిప్పుకున్నారు. కూలీల సంఘంవాళ్లేమో “ఈ రాగాలు ఎవురికి కావాలన్నా, డప్పు పాట ఒకటి కట్టన్నా” అనేవాళ్లు. కూలివాడికి ముఖారి ఎందుకు ఉండకూడదని ఆయన ఇద్దరితోనూ పోట్లాడేవాడు. ఉప్పు లాగే చేతుల ఊపుకు తాళం సరిపెట్టి, పొద్దువాలాక గట్టున కూర్చోబెట్టి మాకు నేర్పేవాడు. వీధుల్లో ఉప్పో ఉప్పని అరిచి బొంగురుపోయిన నా గొంతు మాత్రం ఆయనకు లొంగలేదు.

చివరి చరణంలో కట్టినవాడు తన పేరు పొదగడం ఆ సంగీతంలో ఆనవాయితీ. ఆయన ప్రతి పాటలోనూ ఆ చోట ‘ఉప్పుమడి’ అనే పెట్టాడు. నీ పేరు పెట్టుకోవయ్యా అని నేను పోరితే, “మళ్లు ఉన్నన్నాళ్లు పాట ఎవురిదో తెలస్తాదిలేమే” అని నవ్వాడు. పట్టాలు లేవని సర్కారువాళ్లు మళ్లు తీసుకుని కంపెనీకిచ్చారు, ఆ ఏడే ఆయనా పోయాడు.

నిన్న ఆ పిల్ల ఉప్పుమడి అన్నచోట కంపెనీ ఓనరు పేరు పెట్టి పాడింది. తాళం ఎక్కడా తప్పలేదు. వేదిక దిగివచ్చాక దగ్గరికిపోయి, ఇది మా ఆయన పాటమ్మా అన్నాను. పాపం ఆ పిల్ల నొచ్చుకుని, “ఎవురో పాతకాలంవాళ్లదని మా సంగీతం మేడం చెప్పింది అవ్వా. పాటలో ఆయన పేరేదీ లేదే” అంది. పక్కనున్న కంపెనీ మేస్త్రీ, “ఎండకి నీ చేపలు కుళ్లిపోతాయి, పో అవ్వా” అని నవ్వాడు.

అసలు పాట వినిపిద్దామని నోరు తెరిచాను. మాటలొచ్చాయి, రాగం రాలేదు. గట్టున కూర్చుని నేర్చుకున్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను, నాకేమో ఈ గొంతు.

ఇంటికొచ్చి పులుసు పెట్టాను. వీధివీధినా ఉప్పు అమ్మినదాన్ని, ఇప్పుడు ఉప్పు పొట్లం కొనుక్కుంటున్నాను. పొట్లం మీద ఎవరిదో పేరుందట, కోడలు చదివి చెప్పింది.