టంకం పట్టని కాలు

నేను పవర్ ప్లాంటులో ఇంజనీరుని. పవరంతా ప్లాంటులోనే ఉండిపోయిందేమో, ఇంట్లో చేసిన డిజిటల్ ఆడియో రిసీవర్ మూడు నెలలైనా కూత పెట్టలేదు. ఇక పారేద్దామనుకుంటూ, లింగసుగూరు బస్సులో దాని సర్క్యూట్ బోర్డును ఒళ్లో పెట్టుకుని ఆఖరిసారి చూస్తున్నాను.

పక్క సీటు పెద్దాయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి కంటికి బిగించాడు. చిప్ కాళ్లన్నీ వరసగా చూసి, ఒకచోట గోరు ఆనించాడు.

"ఈడ టంకం పట్టలే సార్. మీద కూసుంది, గంతే."

"మీకు ఎలక్ట్రానిక్స్ వచ్చాండీ?"

"గదేందో నాకెర్క లేదు. ముక్కుపుడకలు చేస్త. గిట్ల అతికిస్తే మా నాయిన నెత్తిన మొట్టేటోడు."

నేను తల నిమురుకున్నాను. ఆయన కవితాళలో దిగిపోయాడు.

ఇంటికెళ్లి ఆ ఒక్క కాలికే మళ్లీ సోల్డరింగ్ చేశాను. పాట వచ్చింది. ఏం పాటో గుర్తులేదు. అది అయిపోయేదాకా నువ్వుగింజంత అతుకును చూస్తూ కూర్చున్నాను.