గ్రహణం బొమ్మ మీద మరక

పలమనేరు బస్టాండులో ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే పైకొచ్చాడు. నేను నోటుబుక్కులో పెన్సిలుతో బొమ్మ గీసుకుంటున్నాను. పక్కన నెలలు నిండిన ఒకమ్మాయి, ఎక్కాల్సిన బస్సు రాక, చంద్రుడి వైపు వీపు పెట్టి, కడుపు మీద కొంగు కప్పుకుని కూర్చుంది.

"కాయితంలో సూస్తే తప్పు లేదు గదక్కా?" అని మెల్లగా అడిగింది.

గ్రహణం చూస్తే ఏమీ కాదని పాఠం చెప్పబోయి ఆగిపోయాను. పుస్తకం ఆమె చేతికిచ్చాను.

"ఈ నల్లంగా ఉండేది ఏమక్కా?"

"నీడమ్మా. మనం ఉండే ఈ భూమి నీడే."

ఆమె ఆ నీడ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "అయితే దీంట్లో మేమిద్దరం గూడా ఉండామా?" అని నవ్వింది.

వేలు తీసేసరికి పెన్సిలు చెరిగి మరక పడింది. ఆ తర్వాత గీసిన గ్రహణాలన్నీ శుభ్రంగా వచ్చాయి. ఎవరైనా చూపించమంటే ముందు తీసేది మాత్రం ఆ మరక బొమ్మే.