బొబ్బిలి సెమినారు: సరుగుడు కర్రలు, తాళ్లు, మేకులు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, వేసవి సెలవులకి ముందు, మా కరస్పాండెంటుగారు స్టాఫ్ మీటింగు పెట్టారు. ఏప్రిల్ ఆఖరులోగా ఒక్క జాతీయ సెమినారు సర్టిఫికెట్టయినా చూపించని లెక్చరర్లు జూన్లో కాలేజీకి రానక్కర్లేదని చల్లగా చెప్పి, అందరికీ టీ ఇప్పించారు. శ్రీకాకుళంలో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. కప్పలు కోశాను, బొద్దింకలు కోశాను, అడ్మిషన్ల కోసం ఎండలో ఊళ్లు తిరిగాను. సెమినారు మొహం మాత్రం చూడలేదు. నలభై ఏడేళ్ల వయసులో నాకు కొత్త ఉద్యోగం ఎవడిస్తాడండీ? మా ఆవిడ సంగతి విని, "కాయితమే కదా, తెచ్చి వాళ్ల మొహాన కొట్టండి" అంది.

వెతగ్గా వెతగ్గా బొబ్బిలి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ డిపార్ట్‌మెంటు వాళ్లు ఒకరోజు సెమినారు పెడుతున్నారని తెలిసింది. విషయం: జీవకణాల్లోనూ కట్టడాల్లోనూ భాగాల మధ్య సంబంధాలు వాటి ప్రవర్తనని ఎలా నిర్ణయిస్తాయి. కణం సంగతి నాకు తెలుసు. కట్టడం సంగతి లైబ్రరీలో కూర్చుని రెండు వారాలు చదువుకున్నాను. పత్రం పంపగానే కన్వీనరుగారు, అంటే ఆ సివిల్ డిపార్ట్‌మెంటు హెడ్డుగారు, ఫోన్ చేసి "చాలా బావుంది మాస్టారూ, ఇంజినీరింగ్ సగం ఉంది కాబట్టి నా పేరు ముందు వేశాను" అన్నారు. ఆయన అందులో ఒక్క కామా అయినా రాయలేదు. అయినా సంతోషం అన్నాను.

శుక్రవారం పొద్దున్న పదింటికి శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆమదాలవలస బస్సెక్కాను. వెళ్లదలచినవాళ్లకి ఒక మాట: అక్కడ స్టేషనులో పాసింజరు రైలు పదకొండింటికని బోర్డు మీద ఉంటుంది, నమ్మకండి. నాకు పదకొండూ నలభైకి వచ్చింది. విజయనగరంలో దిగేసరికి ఒంటిగంటన్నర. స్టేషను బయట భోజనం పర్వాలేదు, సాంబారు కన్నా రసం మేలు. మూడింటికి రాయగడ వైపు బండి కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది కానీ కాళ్లు పెట్టుకోడానికి చోటు లేదు, ఎందుకంటే అక్కడ ఎండు చేపల గంప ఉంది.

గంప యజమానురాలు ఎర్రమ్మ. గజపతినగరంలో మర్నాటి సంతకి పోతోంది. నేను పత్రం తీసి పెదాలు కదుపుతూ చదువుకుంటుంటే చాలాసేపు చూసి, ఉండబట్టలేక అడిగేసింది.

"ఏటి బాబూ, పూజ పుస్తకమా?"

"కాదమ్మా, రేపు ఉపన్యాసం చెప్పాలి. గుండెలో కణాలని ఉంటాయి, కంటికి కనపడవు. ఒక్కోదాన్ని విడదీసి పెడితే దాని ఇష్టమొచ్చినట్టు అది కొట్టుకుంటుంది. ఒకటి తొందరగా, ఒకటి నెమ్మదిగా. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకున్నాయనుకో, కాసేపటికి రెండూ ఒకేసారి కొట్టుకుంటాయి."

ఎర్రమ్మ గంప మీద గుడ్డ సర్దుకుంటూ ఆలోచించింది. "ముట్టుకుంటే సాలేటి? అయితే ఆటికి మా తోటికోడళ్ల కన్నా బుద్ధున్నాది. మేం పదేళ్లనించి ఒక పొయ్యికాడే ఉన్నాం, ఒక్కనాడు ఒక్కమాట మీద నేం."

పెట్టంతా గొల్లున నవ్వింది. పద్దెనిమిదేళ్లలో నా పాఠానికి అంత చురుగ్గా స్పందించిన విద్యార్థి లేడు. గజపతినగరంలో దిగుతూ ఆవిడ నాలుగు మెత్తళ్లు పొట్లం కట్టి ఇవ్వబోయింది. సెమినారుకి ఆ వాసనతో వెళ్తే బావుండదని వద్దన్నాను. ఇప్పటికీ తీసుకోవాల్సిందే అనిపిస్తుంది.

అయిదింటికి బొబ్బిలి. వీణలు చేసే ఊరు కదా, చూసి రావాలనుకున్నాను కానీ లాడ్జి వాడు గది తాళం వెతికేసరికే ఏడయింది. గది నాలుగొందలు, ఫ్యాను తిరుగుతుంది, కుళాయి తిరగదు. ఇడ్లీలకి స్టేషను రోడ్డులో బండి దగ్గరికే వెళ్లండి.

శనివారం పొద్దున్న ఏడింటికే కాలేజీకి చేరాను. ఆరుబయట షామియానా వేసి, సరుగుడు కర్రల మీద పలకలు పరిచి వేదిక కడుతున్నారు. కట్టేవాడి పేరు అప్పన్న. నలభై దాటి ఉంటాయి, చేతులు మాత్రం మోకుల్లా గట్టిగా ఉన్నాయి. కళింగపట్నం పక్కన చేపల వేట పల్లెలో పుట్టాడట. తండ్రితో తెప్ప వేసుకుని సముద్రం మీదికి వెళ్లేవాడు. ఊళ్లోకి ఫైబరు పడవలొచ్చాక తెప్పలు మూలపడ్డాయి, ఇతను రాజాంలో ఒక టెంటు హౌసులో కుదిరాడు.

అతను తాడు చుట్టే తీరు చూస్తూ నిలబడిపోయాను. రెండు కర్రలు కలిసేచోట పీచు తాడు నీళ్లలో ముంచి ఎనిమిది చుట్లు చుట్టి, మధ్యలోంచి అడ్డంగా లాగి ముడేస్తున్నాడు. ముడి బిగిశాక కర్రని చేత్తో ఊపి, కొద్దిగా కదిలితేనే పక్కదానికి పోతున్నాడు.

"కదులుతోంది కదా అప్పన్నా, పర్వాలేదా?" అన్నాను.

"కదలాలి బాబూ. తెప్ప దుంగలు కూడా ఇలగే కడతాం. కెరటం కొట్టినప్పుడు దుంగకి దుంగ కొంచెం జరగాల. జరగనేదనుకో, ఏదో ఒక దుంగే ఇరిగిపోతాది. రోజూ ఒడ్డుకొచ్చాక ఇప్పేసి, ఎండేసి, మళ్లీ తెల్లారి కట్టుకుంటాం."

నాకు ఒళ్లు పులకరించింది. నా పత్రంలో ఏడో పేజీ అదే! కణం లోపల సన్నటి పోగులు ఉంటాయి. ఒకచోట విడిపోతూ ఇంకోచోట అతుక్కుంటూ ఉంటాయి కాబట్టే కణం నొక్కినా నలగదు, సాగదీసినా తెగదు. ఎనిమిది పుస్తకాలు చదివి నేను రాసిన ముక్క ఇతను తడి తాడు పిండుతూ చెప్పేశాడు.

ఎనిమిదింటికి కన్వీనరుగారు దిగారు, కొత్త సూటు, మెళ్లో బ్యాడ్జి. వేదిక చూసి మొహం మాడ్చుకున్నారు.

"తాళ్లేమిటయ్యా! సివిల్ డిపార్ట్‌మెంటు సెమినారుకి తాళ్లా? ఫోటోల్లో పడితే పరువేం కాను? కోసెయ్. మేకులు కొట్టు, మేకులు!"

"అయ్యా, సరుగుడు కర్ర ఎండిపోయున్నాది. సివర్న మేకు కొడితే సీలిపోతాది. నా మాట ఇనండి, గుడ్డ కప్పేస్తాను, తాడు కనపడదు."

"నాకు చెప్తావా నువ్వు?" అని ఆయన నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి మాస్టారూ. సైంటిస్టులు కదా."

సైంటిస్టు! ఆ మాటకే పడిపోయాను. సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టే చెయ్యి ఆయనదే. గొంతు సవరించుకుని "మేకులైతే చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి" అన్నాను. అప్పన్న నాకేసి ఒకసారి చూసి, కత్తి తీసి తాళ్లు కొయ్యడం మొదలుపెట్టాడు. నేను టిఫిన్ల వైపు నడిచాను. ఉప్మా వేడిగా ఉంది, నాకు మాత్రం దిగలేదు.

ప్రారంభం తొమ్మిదింటికని కార్డులో ఉంది. ముఖ్య అతిథి పదకొండుంపావుకి వచ్చారు. జ్యోతి వెలిగించడానికి ఏడుగురు, అగ్గిపెట్టె ఒకటి, గాలి విపరీతం. తర్వాత ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం, బొకే, శాలువా, మెమెంటో. ట్రస్టు సభ్యులు, వాళ్ల అన్నదమ్ములు, స్పాన్సరు చేసిన సిమెంటు డీలరు, ఆయన కొడుకు. పైకి వెళ్లినవాడు కిందికి దిగితే ఒట్టు. వేదిక మీద ముప్ఫై మంది, కింద కుర్చీల్లో పత్రాలు చేతపట్టుకుని మేం పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలన్నది పదయింది, పది అయిదయింది. చివరికి "టైటిలు చదివితే చాలు" అని చీటీ వచ్చింది.

పన్నెండున్నరకి ఫోటోగ్రాఫరు "అందరూ సారుగారి పక్కకి జరగండి" అన్నాడు. సారుగారంటే ముఖ్య అతిథి. ఆయన ఎడమ కొసన నిలబడ్డారు. ముప్ఫై మందీ ఎడమకి జరిగారు. విడివిడిగా ఉన్నంతసేపూ వేదిక మోసింది. అందరూ ఒకేసారి ఒకవైపు మొగ్గేసరికి ఎక్కడో టప్పుమంది. కొబ్బరికాయ కొట్టారేమో అనుకున్నాను. తర్వాత వరసగా కర్రలు టపటపా చీలిపోయాయి, మేకు దిగిన ప్రతిచోటా. శాలువాలు, బొకేలు, సిమెంటు డీలరు, అంతా ఒక కుప్ప. ప్రాణాలకి ఏం కాలేదు. ముఖ్య అతిథికి మడమ బెణికింది, ఇద్దరికి మోచేతులు గీసుకున్నాయి. మిగతా అందరిదీ పరువు ఒకటే పోయింది.

నేను నవ్వానండీ, అబద్ధమెందుకు. ఆ నవ్వు అరగంట కూడా నిలవలేదు.

ప్రిన్సిపాలుగారి గదిలో విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షులెవరనుకున్నారు? కన్వీనరుగారే. మేకులు, పలకలు, కర్రలు బల్ల మీద పెట్టి ఒక్కోటీ పరీక్షించారు. మేకు మంచి కంపెనీది. పలక టేకుది. కర్ర లావు సరిపోయింది. దేనికది భేషుగ్గా ఉంది. కాబట్టి తప్పు కట్టినవాడిదేనని తేల్చి, "పనివాడి నిర్లక్ష్యం" అని రాసి, టెంటు హౌసుకి ఫోను కూడా చేసేశారు. ఏ కర్రకి ఏ కర్ర ఎలా కలిసిందని ఒక్కరూ అడగలేదు. నా పత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉన్నది అదొక్కటే. దాని మీద మొదటి పేరు ఆయనది.

సాక్షి సంతకాలు కావాలన్నారు. అదే బల్ల మీద, ఆ కాయితం పక్కనే, సర్టిఫికెట్ల దొంతర ఉంది. సంతకం పెట్టినవాళ్లు సర్టిఫికెట్టు తీసుకుని బయటికి పోతున్నారు. నా వంతొచ్చింది. పెట్టాను. పత్రం సమర్పించినందుకు అభినందనలతో, బంగారు రంగు అంచుతో, కాలేజీ ముద్రతో నా చేతికి సర్టిఫికెట్టు వచ్చింది. ఆ రోజు అక్కడ ఎవడూ ఏ పత్రమూ సమర్పించలేదు.

నాలుగింటికి బొబ్బిలి కాంప్లెక్సులో రాజాం మీదుగా శ్రీకాకుళం పోయే బస్సెక్కాను. కూర్చున్నాక చూద్దును కదా, పక్క సీట్లో అప్పన్న!

"కిటికీ కాడ కూకోండి బాబూ, గాలొస్తాది" అని లేచి చోటిచ్చాడు.

ఎక్కడికని అడిగాను. "రాజాం. మా ఓనరు రేపట్నించి రావద్దని ఫోన్లో సెప్పేసినాడు. కాళ్లు పట్టుకుందామని పోతన్నాను. ఇదే కదా బాబూ పెళ్లిళ్ల కాలం. ఇప్పుడు పని నేకపోతే వానాకాలమంతా మా ఇంట్లో పొయ్యి ఎలగ ఎలుగుతాది?" కాసేపాగి, "మీరు పొద్దున్న అక్కడే ఉన్నారు. లోపల నా తరపున ఒక మాట సెప్పే ఉంటారు, పెద్దోళ్లు ఇనరు" అన్నాడు.

కిటికీ లోంచి చెరకు తోటలు పోతున్నాయి. నాకు ఏమీ కనపడలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రెండు ఊళ్లు దాటాయి. తర్వాత చెప్పేశాను. "నేను చెప్పలేదు అప్పన్నా. నీదే తప్పని సంతకం పెట్టాను."

అతను టికెట్టు మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బావుండేది. చివరికి "మీకూ ఏటో అవసరం ఉండుంటాది" అన్నాడు. అంతకన్నా పెద్ద తిట్టు నా జన్మలో తినలేదు.

సంచీలోంచి నా పత్రం తీసి ఖాళీ పేజీ చింపి, జరిగింది జరిగినట్టు రాశాను. అతని చేతిలో పెడితే తిరగేసి చూశాడు.

"మా ఓనరు ఇలాటియి నమ్మడు బాబూ. ఎవుడైనా రాసిత్తాడంటాడు. కాలేజీ ముద్దర ఉండాల."

ముద్ర ఉన్న కాయితం నా దగ్గర ఒక్కటే ఉంది. ఇంకోటి అడిగితే కన్వీనరుగారు ఇస్తారా, ఈ రాత చూశాక? కండక్టరు "రాజాం, రాజాం, ముందుకి రండి" అని కేకలేస్తున్నాడు. జూన్ నెల గుర్తొచ్చింది. సర్టిఫికెట్టు తీసి, బోర్లా తిప్పి, మోకాలి మీద పెట్టి రాశాను. అప్పన్న తాళ్లతోనే కట్టాడని, మేకులొద్దని చెప్పాడని, కన్వీనరుగారు కొట్టించారని, చూడ్డానికి బావుంటాయని వంత పాడినవాణ్ని నేనేనని. కింద నా పేరు, చదువు, ఫోను నంబరు. బస్సు కుదుపుకి అక్షరాలు వంకరపోయాయి కానీ చదవచ్చు.

అప్పన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ బంగారం గీతల పక్కనేటి రాసున్నాది బాబూ?"

"నేను ఇవాళ ఉపన్యాసం చెప్పానని."

"సెప్పినారేటి?"

"లేదు."

"అయితే ఆ పక్కన ముద్దర ఒక్కటే సూపిత్తాను, రాత మడిసేత్తానులెండి" అని, చొక్కా లోపల పెట్టుకుని దిగిపోయాడు.

రాజాం నుంచి శ్రీకాకుళం గంటన్నర. సీటు ఖాళీగానే ఉంది, గాలి బాగానే వచ్చింది. మధ్యలో మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఇచ్చారా కాయితం?"

"ఇచ్చారు."

"తెస్తున్నారా?" అంది. పాతికేళ్ల కాపరం, ఏ ప్రశ్న అడగాలో ఆవిడకి తెలుసు.

"లేదు. రాజాంలో ఒకతనికి ఇచ్చేశాను. అతని పని నిలబడాలంటే అది కావాల్సి వచ్చింది."

అవతల కుక్కరు కూసింది. ఆవిడ పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"మరి మన పని?" అంది.

"జూన్ దాకా ఉంది కదా" అన్నాను.