అచ్చటచ్చట కురిసిన వాన

ఉద్యోగంలో చేరిన ఏడాదే వానను తెలుగులోకి దించే పని నా మీద పడింది. ఇప్పుడు మా జిల్లాకు పడమటి కొసన ఉన్న తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. వాన వస్తుందని మద్రాసులో తేలితే, ఆ కబురు ఇంగ్లీషు తంతిగా జిల్లాకు, అక్కడినుంచి మా తాలూకా కచేరీకి వచ్చేది. ఏ కచేరీ అని అడగకండి. అందులో పనిచేసినవాళ్ల మనవలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

మా తహసీల్దారుగారికి వ్యాకరణం మీద భక్తి ఎక్కువ. ఆ అక్టోబరులో వచ్చిన తంతిని నేను "రెండు రోజుల్లో పెద్ద వాన రావచ్చు" అని రాసిస్తే, "ఇది సర్కారు మాటా, సంతలో మాటా?" అని తనే తిరగరాశారు: "ఝంఝామారుత ప్రభావంబున రెండు దినములలో అచ్చటచ్చట విశేష వర్షపాతము సంభవింపగలదు. ప్రజలు తగు జాగరూకత వహింపవలయును." రాసి, తృప్తిగా రెండుసార్లు పైకి చదువుకున్నారు.

ఆ కాగితంతో బేస్తవారిపేట దారిలోని ఒక ఊరికి వెళ్లాను. అక్కడ దండోరా వేసే పెద్దాయనకు చదువు రాదు. ఆదివారం చర్చిలో విన్న వాక్యం మాత్రం వారమంతా పొల్లుపోకుండా చెప్పగలడు. కాగితం చదివి వినిపించాను.

"ఈ అచ్చటచ్చట యాడుందయ్యా? పొదిలి కాడనా?"

"ఊరు కాదు. అక్కడక్కడ అని."

"మన కాడ పడతాదా, పడదా? అది చెప్పండి."

"పడొచ్చు" అన్నాను.

ఆయన తప్పెట తగిలించుకుని వీధిలోకి నడిచాడు. "అన్నా, అక్కా, పెద్ద వాన వస్తాదంట. కల్లాల్లో కొర్ర కంకులు రేపు పొద్దుగూకే లోపల ఇండ్లకు చేర్చుకోండి." ఊరంతా కల్లాలకు పరిగెత్తింది. మరునాటి రాత్రి వాన దంచికొట్టింది. ఆ ఊళ్లో ఒక్క గింజ తడవలేదు.

మునసబు సంబరపడి, ఆ దండోరా మాటలన్నీ ఉన్నవున్నట్టు రిపోర్టులో రాసి పంపాడు. అదే కొంప ముంచింది. తహసీల్దారుగారు పెద్దాయనను పిలిపించారు.

"సర్కారు మాట మార్చడానికి నువ్వెవరు? వాన పడకపోయుంటే ఎవరు జవాబు చెప్పాలి?"

"పడింది గదా సామీ."

"పడటం వేరు."

హెచ్చరిక కాగితం రాసింది నేనే. వేలిముద్ర వేయిస్తుంటే ఆయన మెల్లగా, "మీరు చెప్పిందే గదయ్యా నేను చెప్పినాను" అన్నాడు. నాకు ముఖం చెల్లలేదు. అయినా వేలిముద్ర ఆరేదాకా ఊది, కాగితం ఫైలులో పెట్టాను. ఉద్యోగం కొత్త.

నెల తిరక్కుండా మరో తంతి వచ్చింది. ఈసారి పెద్దాయన కాగితమంతా కంఠతా పట్టి, ఝంఝామారుతంతో సహా ఒక్క అక్షరం పోకుండా వీధివీధినా వినిపించాడు. కొత్త పన్నేదో పడిందనుకుని జనం తలుపులు వేసుకున్నారు. పీకి ఆరబోసిన వేరుశనగ చేలల్లోనే నాని మొలకలెత్తింది.

తహసీల్దారుగారు జిల్లాకు పంపే జవాబు రాశారు: "దండోరా సక్రమముగా జరిగినది." అందులో తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని కాగితం నాకిచ్చారు.

లేవన్నాను.