రాణి మిస్ చీపురు వంతు

నిన్న పొద్దున స్టాఫ్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్. "రాణి మిస్ ఇక లేరు."

నమ్మలేదు. ఫోన్ చేస్తే వాళ్ళ చెల్లెలు ఎత్తి ఏడ్చేసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మొన్న సాయంత్రం నాతో కూర్చుని కాఫీ తాగిన మనిషి.

చెన్నై తిరువొత్తియూరులో మా స్కూల్ సంగతి తెలియనివాళ్ళకి చెప్తున్నా. చెత్తబండి మీద పనిచేసేవాళ్ళ పిల్లలు మా దగ్గర చాలామంది. ఇంట్లో తెలుగే. క్లాస్ ఊడ్వాలన్నా, టాయిలెట్ కడగాలన్నా అందరి చూపూ వాళ్ళ మీదికే పోయేది. కులం పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. అసెంబ్లీలో అందరం సమానమేనని ప్రతిజ్ఞ కూడా చేయిస్తాం.

రాణి కూడా వాళ్ళుండే వీధి పిల్లే.

టీచర్‌గా చేరగానే తన క్లాసులో చీపురుకి వంతులు పెట్టింది. మొదటి వంతు తనదే. కుచ్చిళ్ళు దోపుకుని, పిల్లలు చూస్తుండగా బెంచీల కింద ఊడ్చింది.

రెండో వంతు ఒక హోల్‌సేల్ వ్యాపారి కొడుకుది. ఆయన మన తెలుగాయనే. కోపంతో ఊగిపోతూ స్కూల్‌కి వచ్చాడు.

"నేను పట్టినా కదా సార్. చెయ్యి యాడికీ పోలా, ఈడనే ఉండాది" అని రాణి రెండు చేతులూ చూపించి నవ్వింది.

ఆమె వీధిలోనే ఉండే గౌరి అంతకుముందు క్లాసులోకి రాగానే తనంతట తనే చీపురు తీసేది. ఆ తర్వాత "ఈరోజు నా వంతు కాదు మిస్" అనడం నేర్చుకుంది. ఆ మాట వింటే రాణి ముఖం వెలిగిపోయేది.

కంప్లయింట్లు మాత్రం ఆగలేదు. పోయిన వారం స్టాఫ్‌రూమ్‌లో అంది, "నేను లేని రోజు చూడక్కా, చీపురు మళ్ళా ఎవురి చేతికి పోతాదో."

అవేం మాటలని కసిరాను.

ఈరోజు సంతాప సభ. హాల్లోకి వెళ్తే రాణి ఫొటో ముందు గౌరి ఊడుస్తోంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవురూ చెప్పలా మిస్. అందురూ నన్నే చూసినారు."

చీపురు తీసుకుని మిగతాది నేనే ఊడ్చాను. హెడ్‌మాస్టర్ గుమ్మంలోంచే, "ఆ వంతుల గోల ఇక చాలు మేడమ్. రేపటినుంచి మామూలే" అనేసి వెళ్ళిపోయారు.

గౌరి నా వైపే చూస్తోంది.

రేపటి వంతు నాదే రాణీ. ఆ తర్వాత ఎవరిదో తలుచుకుంటే భయంగా ఉంది.

నువ్వు ప్రశాంతంగా నిద్రపో తల్లీ.